కార్డులో లేని పళ్ళు

మా పిన్ని బండారులంకలో చీరలు నేస్తుంది. మగ్గం మీద పోగు తెగితే ముడి వేసి, మిగిలిన కొసను ముందుపంటితో పుటుక్కున కొరికేది. కత్తెర పక్కనే ఉన్నా ముట్టుకునేది కాదు. ఆ పన్ను పుచ్చిన ఏడాది నేను దంతవైద్యం ఆఖరి సంవత్సరంలో ఉన్నాను.

మా కోనసీమలోనే ఏదో ఒక ప్రభుత్వాసుపత్రిలో కూర్చుని పళ్ళు నిలబెట్టాలని నా ఆశ. పీకడం ఎవరైనా చేస్తారు, నిలబెట్టడమే చదువని ఇంట్లోవాళ్ళ చెవులు చిల్లులు పడేలా చెప్పేదాన్ని.

పిన్నిని నేనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాను. వరసలో అందరిదీ ఒకటే మాట, "పీకెయ్యండి డాక్టరుగారూ" అని. పిన్ని మాత్రం సంచిలోంచి ఆరోగ్య కార్డు తీసింది.

"దీనిమీద బాగుచేస్తారాండి?"

"గుండెకైతే వస్తుందమ్మా, పళ్ళకి రాదు. పీకడమైతే ఊరికే పీకేస్తాం," అన్నారు డాక్టరుగారు. తర్వాత నా చదువేంటో అడిగి, "నువ్వూ పోస్టులు పడతాయని కూర్చోకమ్మా," అన్నారు.

మా కాలేజీలో నేను దగ్గరుండి చేయిస్తానని పిన్నిని బతిమాలాను.

"ఎన్నిసార్లు రావాలేంటి?"

"నాలుగైదుసార్లు."

"అన్నిసార్లు బస్సెక్కితే మగ్గం ఎవరాడిస్తారే? పీకించేసుకుంటాను. నువ్వు పెద్ద డాక్టరయ్యేక కొత్తది పెడుదువుగాని."

అక్కడే పీకించేసుకుంది. ఎక్స్‌రే నేను చూశాను, ఆ పన్ను బతికేదే. ఆసుపత్రి మెట్ల మీద ఏడుపు ఆపుకోలేకపోయాను. పిన్ని నోట్లో దూది పెట్టుకుని నన్నే ఓదార్చింది.

పోస్టులు పడలేదు. సొంతంగా క్లినిక్కు పెట్టే స్తోమతు మాకు లేదు. నా తోటివాళ్ళలో చాలామందిలాగే నేనూ కంప్యూటరు ముందు కూర్చున్నాను. వేరే దేశంవాళ్ళ పంటి బీమా బిల్లులు చూడడం నా ఉద్యోగం. ఎవరో రూట్ కెనాలుకి అడుగుతారు, అన్నీ సరిపోతే సరేనని నొక్కుతాను. ఇదీ నేను నిలబెట్టే పళ్ళ సంగతి.

మొన్న బండారులంక వెళ్ళినప్పుడు, నీ ఉద్యోగం ఏంటని పిన్ని అడిగింది. చెప్పాను. మగ్గం ఆపి విన్నది.

"అయితే వాళ్ళ కార్డులో పళ్ళు కూడా ఉంటాయన్నమాట."

"ఆయ్, ఉంటాయి పిన్నీ."

"పోనీలే, అక్కడైనా ఉన్నాయి," అని మళ్ళీ నేతకి వంగింది. కాసేపటికి పోగు తెగింది. ముడి వేసి, అలవాటుగా కొస నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది.

కత్తెర నేనే అందించాను.