ఆయన పేరు మీద నా పాఠాలు

"అన్నా, రేపు శుక్రవారం మీ ఇంటికొస్తాండా. ఎల్లుండి నాకు టెస్టు. గంటసేపు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు."

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ తెలుగు మెయిల్‌ను మూడుసార్లు చదివాను. ఎందుకంటే ఆ అన్న నేనే.

తొంభైల చివర ఒమాన్‌లోని సీబ్‌లో మా ఇంటికి ఇంటర్నెట్ వచ్చిన కొత్త. ఈమెయిల్ మా ఆయన పేరున ఉండేది. ఆయన డ్యూటీకి వెళ్ళాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు, గల్ఫ్ తెలుగువాళ్ళు కంప్యూటర్ నేర్చుకునే ఒక మెయిల్ గ్రూపులో చేరాను. ఫీజు లేదు. ఒకటే షరతు: ఈ వారం సందేహం అడిగినవాళ్ళు వచ్చే వారం తమకు తెలిసిందేదో ఒకటి మిగతావాళ్ళకు నేర్పాలి. నేను చాలా సందేహాలు అడిగాను. కాబట్టి చాలా పాఠాలు రాయాల్సి వచ్చింది.

పేరు చూసి అందరూ సార్ అన్నారు, అన్నా అన్నారు. మొదటిసారే చెప్పాల్సింది. ఆడదాన్నని తెలిస్తే అడగడం మానేస్తారేమో, నా చదువూ అక్కడితో ఆగిపోతుందేమో అని ఊరుకున్నాను. ఏడాది ఊరుకున్నాను.

రాబోతున్నవాడు కడప మనిషి. రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తాడు. టెస్టు పాసైతే స్టోర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, లేకపోతే ప్యాకింగే. పండక్కి హల్వా తెస్తానంటే అడ్రస్ ఇచ్చింది నేనే.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను.

"నాకు ఆన్ చెయ్యడం వచ్చు," అన్నారు. "నువ్వు వంటింట్లోంచి చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

శుక్రవారం అతను హల్వా డబ్బాతో వచ్చాడు. మా ఆయన మంచినీళ్ళకని ఒకసారి, టీకని ఒకసారి, చక్కెరకని ఒకసారి వంటింట్లోకి వచ్చి జవాబు పట్టుకెళ్ళారు. నాలుగోసారి లేవబోతుంటే అతను అన్నాడు:

"అన్నా, నువ్వు వంటింట్లోకి పొయ్యొచ్చినప్పుడల్లా నీకు తెలివొస్తాండాదే. ఆడ ఏముంది?"

"మీ సార్ ఉంది," అన్నారు మా ఆయన.

చేతులు తుడుచుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

"అక్కా, మెయిల్లో నిన్నెప్పుడూ ఒరే అనలేదు గదా?"

"రెండుసార్లు అన్నావు. స్టాక్ లిస్ట్ తెరువు."

రెండు గంటలు చెప్పాను. వెళ్ళేటప్పుడు, "గ్రూపులో ఎవరికీ చెప్పన్లే అక్కా," అన్నాడు. ఆ మాట నచ్చలేదు. ఏదో తప్పు చేసినదాన్ని కాపాడుతున్నట్టుంది. అతను గేటు దాటగానే నేనే గ్రూపుకు నిజం రాసి, కింద నా పేరు పెట్టాను. నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున ఒక్క జవాబు ఉంది: "సరే మేడమ్. పోయిన వారం నేనడిగింది ఇంకా చెప్పలేదు మీరు."

పిల్లలకు బూట్లు వేస్తూ చెప్పాను: "కంప్యూటర్ సార్ కావాలని ఇంటికి ఎవరైనా వస్తే నాన్న దగ్గరికి తీసుకెళ్ళకండి. నన్ను పిలవండి."