పెళ్ళివారి మాట

నవమికి మా ఇంటికి వచ్చినవాళ్ళను మా అత్త యాత్రికులు అననిచ్చేది కాదు. పెళ్ళివారు అనాలి. భద్రాచలంలో స్వామి కల్యాణం చూసుకొని, పర్ణశాల కూడా చూసిపోదామని వచ్చి, చివరి బస్సు తప్పిపోయి మా వాకిట్లో ఆగిపోయేవాళ్ళు. అప్పట్లో మా ఊళ్ళో దిగడానికి వేరే చోటేముంది? పందిరి కింద చాపలు పరిచేవాళ్ళం. పప్పు, పచ్చిపులుసు, పండుమిరపకాయల తొక్కు, వేడన్నం. పొద్దున పోయేముందు ఎవరైనా జేబులో చెయ్యి పెడితే మా అత్తకు కోపం ముక్కు మీదికి వచ్చేది.

"అమ్మవారు కాపురమున్న ఊరయ్యా మాది. ఆమె మా ఇంటి ఆడపిల్ల లెక్క. ఆడపిల్ల పెళ్ళికొచ్చినోళ్ళ కాడ పైసలు తీసుకుంటారా ఎవరన్నా? తియ్యి, చెయ్యి తియ్యి జేబుల నుంచి!"

చాలామంది నవ్వి, దండం పెట్టి పోయేవారు. మళ్ళీ కనపడేవారు కాదు. ఒక జంట మాత్రం ఏటా వచ్చేది. వాళ్ళది హైదరాబాదు, చిక్కడపల్లి. ఆయన ఒక పెద్ద ఆఫీసులో అధికారి. ఆమె వచ్చీరాగానే కొంగు నడుముకు దోపి పొయ్యి దగ్గర నా పక్కన చతికిలబడేది. పొగకు కళ్ళు తుడుచుకుంటూ, "చెల్లీ, ఈ పప్పు రుచి మా ఇంట్లో ఎందుకు రాదే? నువ్వేమన్నా దాచిపెడుతున్నావా?" అనేది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. తోడబుట్టినవాళ్ళు లేని నాకు ఆ పిలుపు నోటికి తియ్యగా ఉండేది.

ఒక నవమికి ఆయన బయలుదేరబోతూ మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "పదో తరగతి చదివి ఈ ఒడ్డున మిరపచేను కాసుకుంటూ కూర్చున్నావేంటయ్యా? హైదరాబాదు వచ్చెయ్. నేను లేనూ? చూసుకుంటా" అన్నాడు.

అప్పటికి ఆయన తల మీద కల్యాణం అక్షింతలు రెండు మూడు అలాగే ఉన్నాయి. మా అత్త ఆ మాటా విన్నది, ఆ అక్షింతలూ చూసింది. "నెత్తిన తలంబ్రాలు పెట్టుకొని అన్న మాటరా అది" అని కొడుకుతో ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నదో.

ఆ వానాకాలమే గోదావరి వచ్చింది. ఏటా వచ్చేదే, కానీ ఆ ఏడు ఇంట్లోకి వచ్చింది. గుట్ట మీద తలదాచుకున్నాం. నీళ్ళు తీశాక దిగి చూస్తే మట్టిగోడలు కరిగి, ఇల్లు నేలమట్టమై ఉంది. దూలాలు కూడా కొట్టుకుపోయాయి. చేను మీద మోకాలి లోతున ఇసుక. మా ఆయన పారతో తవ్వాడు, తవ్వాడు, కింద నల్లమట్టి కనపడేసరికి గుంట అంచులు జారి మళ్ళీ ఇసుకే నిండింది. పార అక్కడే గుచ్చి వచ్చాడు. మనుషులం ముగ్గురం ప్రాణాలతో ఉన్నందుకు నేను స్వామికి దండం పెట్టుకున్నాను. అది నా అలవాటు. మా నాయన నన్ను బడికి పంపలేదు గానీ, వసారాలో ఇసుక పోసి వేలితో అక్షరాలు దిద్దించాడు. ప్రతి పాఠం అయ్యాక 'ఈ పూట ఏం దక్కిందో చెప్పు' అని అడిగేవాడు. ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకపోతే లేవనిచ్చేవాడు కాదు.

కూలి దొరకలేదని కాదు. ఎండాకాలం తునికాకు కోత ఉంది, ములకలపల్లి దిక్కు పోతే ఏదో పని ఉంది. కానీ మా అత్త మనసు హైదరాబాదు మీద పడింది. "పెళ్ళివారు మాటిచ్చిరి. ఇంకేంది?" అంది.

ఈ రోజు ఎవరైనా వింటే నవ్వుతారు. కానీ మా అడవి అంచు ఊళ్ళలో 'రా, చూసుకుంటా' అన్నవాడు చూసుకుంటాడు. చూసుకోలేనివాడు ఆ మాట అనడు. పట్నంలో ఆ మాట 'ఇక వెళ్ళొస్తాం' అనడం లాంటిదేనని మాకెవరు చెప్పాలి? ఒక ట్రంకుపెట్టె, బియ్యం మూట, ఒక జాడీ తొక్కు పట్టుకొని బస్సెక్కాం. జాడీ మా అత్త ఒళ్ళోనే పెట్టుకుంది. పెళ్ళివారింటికి వట్టి చేతులతో పోకూడదు కదా.

తలుపు తీసింది ఆమె. చూసింది. ఎక్కడో చూసిన మనుషులే అన్నట్టు కాసేపు ఆగి, "అయ్యో, మీరా!" అంది. "చెప్పకుండా వచ్చేశారే?"

"పెళ్ళివారింటికి చెప్పి రావాల్నా ఏందమ్మా?" అని మా అత్త నవ్వింది. "మీరు మాకు చెప్పి వచ్చేటోళ్ళా?"

కాఫీ ఇచ్చారు. మర్యాదకు ఏ లోటూ చెయ్యలేదు. ఆయన సోఫాలో కూర్చొని వరద సంగతి అంతా విని, నిజంగానే బాధపడ్డాడు. "ఇప్పుడు కొత్తవాళ్ళను తీసుకోవడం పూర్తిగా ఆపేశారయ్యా. అయినా చూద్దాం. ఒక్క ముక్క రాసినా బాగుండేది... సరే, చూద్దాం" అన్నాడు.

మెట్లు దిగుతుంటే మా ఆయన మొహంలో రంగు పోయింది. మా అత్తకు ఏమీ అనిపించలేదు. "చూస్తనన్నడు గదరా. రెండుసార్లన్నడు" అంది.

ముషీరాబాదు దిక్కు ఒక రేకుల గది కిరాయికి తీసుకున్నాం. మా ఊళ్ళో ఆ జాగాలో దూడను కట్టేస్తే పక్కింటివాళ్ళు తిట్టేవారు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మేము నీళ్ళ కోసం బిందె పట్టుకొని నల్లా ముందు వరసలో నిలబడ్డాం. కట్టెలు తూకం వేసి అమ్ముతుంటే మా అత్త నమ్మలేదు. కట్టెల అడితి నుంచి మా ఆయన తెచ్చిన మోపులోంచి ఒక కట్టె తీసి వాసన చూసింది. "మద్దికట్టె ఇది. మన అడివిదే" అని దాన్ని పొయ్యిలో పెట్టనివ్వక కొన్నాళ్ళు గోడకు ఆనించి ఉంచింది. తర్వాత ఒక పూట కట్టెల్లేక అదీ పెట్టేశాం.

మా ఆయన ఆదివారం ఆదివారం చిక్కడపల్లి పోయి గేటు దగ్గర నిలబడేవాడు. మిగతా రోజులు దుకాణాల వెంట తిరిగేవాడు. అందరూ ఒకటే అడిగేవారు, ఈ ఊళ్ళో నీకు జామీను ఎవరు అని. చిక్కడపల్లి అయ్యగారి పేరు చెబితే ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టేవారేమో. అడక్కుండా పెద్దమనిషి పేరు వాడుకోకూడదని మా ఆయన చెప్పలేదు. అడగడానికి నోరు రాలేదు.

ఒక ఆదివారం నేనూ వెంట పోయాను. వంటమనిషి మానేసిందట, అక్క చేతి నిండా పిండితో బయటికి వచ్చింది. నేను ఊరుకోలేక లోపలికి పోయి పూరీలు వత్తాను. అలవాటైన పనే కదా, ఇద్దరం పక్కపక్కన నిలబడి చేశాం. అందరి తినడాలూ అయ్యాక ఆమె, "రోజూ రాకూడదూ? నాకూ సాయం, మీకూ ఇంత ఆధారం" అంది.

ఆ గుమ్మంలో నేను స్వామిని తలుచుకున్నాను. గదికి వచ్చి చెబితే మా అత్త మొహం వెలిగింది. "జూసినవా! పెళ్ళివారింట్ల పొయ్యి కాడ నిలబడితే తప్పేంది? ఆమె మన పొయ్యి కాడ కూసోలేదా? రేపోమాపో వీనికీ దొరుకుతది."

వారం తిరక్కముందే వాళ్ళ పక్కింటావిడ వచ్చి, నన్ను చూసి, "ఎవరూ?" అంది.

"కొత్త వంటావిడ" అంది అక్క.

తప్పేముంది? నేను వంట చేస్తున్నాను కదా. కానీ ఆ పూట పప్పులో ఉప్పు చాలిందో లేదో చూడమని పిలవబోయి, నా నోరే 'అమ్మగారూ' అంది. ఆమె కూడా సర్దుకున్నట్టు తిరిగి చూసి, "ఏమ్మా?" అంది. అంతే. ఆ తర్వాత మేమిద్దరం వేరే మాటతో పిలుచుకోలేదు.

ఎండలు మొదలయ్యేటప్పటికి మా ఆయన చొక్కా భుజాల దగ్గర వెలిసిపోయింది. ఒక ఆదివారం నేను లోపల బియ్యం కడుగుతుంటే వరండాలో మాటలు వినపడ్డాయి. ఎప్పుడూ గేటు దగ్గరే ఆగే మనిషి ఆ రోజు మెట్లెక్కి వచ్చాడు.

"అయ్యగారూ, మీరు ఆ పొద్దు మా ఇంటి కాడ అన్నరు..."

ఆయన పేపరు మడిచిన చప్పుడు. గొంతులో విసుగు లేదు, దయే ఉంది. "చూడయ్యా, అన్నాను. కాదనను. అందుకే కదా మీ ఆవిడకు పని ఇచ్చాం? మీ ఇంట్లో ఒకరికి దారి చూపించాం. ఇంకా అంటే ఎలా?"

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. కడుగునీళ్ళు బియ్యం మీద తెల్లగా నిలిచి ఉన్నాయి. నాకు అప్పుడు తెలిసింది, మా ఆయన కోసం ఇచ్చిన మాట నేను పూరీలు వత్తిన రోజే తీరిపోయిందని. ఆయనకు రావలసింది నేను తీసేసుకున్నాను. వద్దని వెనక్కి ఇవ్వడానికీ లేదు, ఇస్తే గదిలో పొయ్యి వెలగదు.

"అవ్, నిజమేనండీ" అన్నాడు మా ఆయన. మెట్లు దిగిపోయాడు.

అన్నం వండి, వడ్డించి, గిన్నెలు సర్ది వచ్చాను. ఆ ఇంటి అన్నంతోనే మేము ముగ్గురం బతికాం. ఆ కృతజ్ఞత నాకుంది, ఈ రోజుకీ ఉంది. కానీ మా నాయన అడిగినట్టు 'ఈ పూట ఏం దక్కిందో చెప్పు' అని నన్ను నేను అడిగితే, ఆ రోజు మొదటిసారి జవాబు రాలేదు.

నవమి వచ్చింది. వాళ్ళు భద్రాచలం బయలుదేరారు. దారికి నేనే పులిహోర కలిపాను. "పాపం, మీ ఇల్లు లేదుగా, ఈసారి సత్రంలో దిగాలి" అని ఆమె నాతోనే అంది. సామాను బస్సు దాకా మోయడానికి మా ఆయన్ను పిలిచారు. పరుపుచుట్ట, పెట్టె నెత్తిన పెట్టుకొని పోయాడు. మధ్యాహ్నం గదికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు:

"కండక్టరు మన చర్ల రోడ్డు పిలగాడే. గుర్తుపట్టిండు. ఏందే బావా, సామాను ఎక్కించి నువ్వు దిగుతవేంది, పెళ్ళికి రావా అన్నడు. టికెట్ నేను చూసుకుంట ఎక్కమన్నడు."

"మరి ఎక్కకపోయినవ్?" అంది మా అత్త. "సామిని చూసి వచ్చేటోనివి."

"ఎక్కుత. ఎక్కి ఎక్కడ దిగాలె?"

మా అత్త చెంబు అందుకొని ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోసింది.

తిరిగి వచ్చాక అమ్మగారు నాకు పసుపు అంటిన కాగితం పొట్లం ఇచ్చింది. కల్యాణం తలంబ్రాలు. కళ్ళకద్దుకొని, పైట చెంగులో కట్టుకొని, గదికి నడిచి వచ్చాను. మా అత్త స్నానం చేసి వచ్చి కూర్చుంది. మా ఇద్దరి తలల మీదా వేసింది. "మర్చిపోలే. పెళ్ళివారు మనల్ని మర్చిపోలే" అంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

తర్వాత పొట్లం అరచేతిలో పరుచుకొని వేలితో వెతకడం మొదలుపెట్టింది. ఆ తలంబ్రాల్లో ముత్యాలు కలుపుతారు. ఎవరి పొట్లంలో ముత్యం వస్తే వాళ్ళ ఇల్లు నిలబడుతుందని మా అత్త నమ్మకం. మా కూలిన ఇంట్లో, దేవుడి గూట్లో, చిన్న భరిణెలో ఒకటి ఉండేది. గోదావరి తీసుకుపోయింది.

గింజలు అన్నీ అటు తోసింది, ఇటు తోసింది. బియ్యమే. "జారిపోయిందే పిల్లా. నీ చెంగుల చూడు." చెంగు దులిపాను. నేల మీద ఒంగి అరచేత్తో గచ్చంతా తడిమింది. గడప సందులో వేలు పెట్టి చూసింది. మరునాడు పొద్దున నేను పనికి బయలుదేరుతుంటే కూడా చీపురు పట్టుకొని మూలలు ఊడుస్తోంది. "వాళ్ళింట్ల ఎక్కడన్నా పడ్డదేమో, అడుగమ్మా."

అడగనక్కర్లేకపోయింది. దేవుడి గదిలో దీపం కుందె తోమడానికి పోతే కనపడ్డాయి. చిన్న వెండి గిన్నెలో, పసుపు అంటుకొని, అన్నీ ఏరి పెట్టిన ముత్యాలు. అడిగితే ఒకటి ఇచ్చేదేమో అమ్మగారు, అంత చెడ్డది కాదు. కుందె తోమి, వత్తి వేసి, దండం పెట్టి, వంటింట్లోకి పోయాను.

సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే మా అత్త అడిగింది. "దొరికిందా?"

"అక్కడే ఉంది అత్తా. దేవుడి కాడ పెట్టిన్రు. భద్రంగుంది."

ఆమె హమ్మయ్య అన్నట్టు గోడకు చేరబడింది. "గట్ల చెప్పు. వాళ్ళింట్ల ఉంటే మనింట్ల ఉన్నట్టే. ఇగ వీని పని అయినట్టే."

మా ఆయన ఆ మాట విని లేచి బయటికి పోయాడు. బయటికంటే ఎంత దూరమని, గడప దాటి నిలబడడమే. లోపల నుంచి ఆయన వీపు కనపడుతోంది, వెలిసిన చొక్కా భుజాలు కనపడుతున్నాయి. మరుసటి ఆదివారం ఆయన చిక్కడపల్లి పోలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ పోలేదు. ఎందుకు పోవడం లేదని మా అత్త అడుగుతూనే ఉండేది. నేను పొద్దున్నే చెప్పులేసుకొని ఆ గేటు తీసుకొని లోపలికి పోయేదాన్ని.