మేడంగారి ముప్పై అడుగులు

మేడంగారు గుండెపోటుతో పోయి పదిరోజులు కాలేదు, ఆవిడ మాట మీద కాలవ పక్కన వదిలిన మడచెట్లను పీకించడానికి చేపల చెరువు యజమాని నన్ను పిలిచారు. పొక్లెయిన్ నడిపేది నేనే. పీకాల్సింది ఆ చెట్లనేనని గట్టుదాకా వెళ్ళాకే తెలిసి, ఇంజను ఆపి దిగిపోయాను. 'మనిషే లేరు, ఇంకెవరికిరా మాట?' అన్నారాయన. ఇది అన్యాయం.

అడవి జంతువుల మీద పరిశోధన ఆవిడ పని. బందరు నుంచి బయల్దేరి, అవనిగడ్డలో బస్సు మారి మా హంసలదీవి వైపు వచ్చేవారు. మొదటిసారి నా బండికి అడ్డం నిలబడితే తిడతారనుకున్నాను. 'తిన్నావా తమ్ముడూ?' అని పులిహోర పొట్లం చేతిలో పెట్టారు. చాలా పెద్ద పొట్లం. నేను తినడం అయ్యేలోపు యజమానితో మాట్లాడేశారు.

'ముప్పై అడుగుల మడ వదలండి. నీళ్ళలో వేటాడే బావురుపిల్లి బతుకుతుంది.'

'అది బతికితే నా పండుగప్ప చేపలు బతకవు కదండీ. రోజూ తినేస్తంది.'

'కెమెరా పెడదాం. తినేది పిల్లే అయితే నేనింక అడగను.'

వారం తర్వాత చెరువు షెడ్డులో ఫోటోలు చూశాం. పిల్లి కాలవలో పీతను పట్టింది. కొంగలు వచ్చాయి. ఆ తర్వాత, తెల్లవారుతుండగా, యజమాని బావగారు. లుంగీ ఎగ్గట్టి, సంచిలో రెండు పండుగప్పలు వేసుకుని, కెమెరా అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నారు.

'ఇదేం జంతువు బావా?' అన్నారు యజమాని.

'ఇదీ ఇక్కడి జీవమేనండీ, దీన్నీ కాపాడుకోవాలి' అన్నారు మేడం.

బావగారితో సహా అందరం పడీపడీ నవ్వాం. కళ్ళు తుడుచుకుంటూనే యజమాని మాటిచ్చారు: 'ముప్పై అడుగులు వదిలేశానండీ.'

మడలోకి వెళ్ళేముందు ఆవిడ చెప్పులు విప్పి గట్టు మీద పెట్టేవారు. బురదలో ఏ అడుగు ఏ జంతువుదో నాకు నేర్పారు. తప్పు చెప్తే నవ్వి, మళ్ళీ వంగి చూడమనేవారు. 'భూమి చెరువులవాళ్ళది తమ్ముడూ. తిట్టకూడదు, అడగాలి' అనేవారు. అది మాత్రం నాకు ఒంటబట్టలేదు.

చెట్లు పీకనని నేను బండి దిగిపోయానని తెలిసి బావగారు వచ్చారు. 'నా పరువు తీసిన చెట్లురా అవి. ఉండాల్సిందే' అని నా పక్కన నిలబడ్డారు.

ఈ ఉదయం మడ పక్క బురదలో పెద్ద అడుగుల వెంట చిన్న అడుగులు, తడి ఆరకుండా ఉన్నాయి. బావురుపిల్లి పిల్లలతో తిరుగుతోంది. యజమానిగారూ, సోమవారం ఇంకో బండి వస్తుందని విన్నాను. దాన్ని రావద్దనండి. మడ ఉంచుతున్నానని మా ఇద్దరి ముందూ చెప్పండి. ఆదివారం పొద్దుగూకేలోపు జవాబు కావాలి.