ఉప్పు మానేసి పరిగెత్తిన మా అత్త

సోమవారం ఇంకా తెల్లవారక ముందే మామ ఫోన్ చేసి, "మీ అత్త పోయిందమ్మా" అన్నాడు. నేను "ఏ అత్త?" అని అడిగాను.

హిందూపురంలో మా పెద్దత్త చాలాకాలంగా మంచంలో ఉంది. ఏదో ఒకరోజు ఆ ఫోన్ వస్తుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే అలా అడిగాను. మామ, "మీ చిన్నత్త, పాపా. నా పెండ్లాము" అన్నాడు.

అంతకు ముందురోజు మధ్యాహ్నమే ఆమెను బెంగుళూరు కాటన్‌పేటలో వాళ్ళ ఇంటి ముందు ఆటోలోంచి దింపి వచ్చాను. ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తిన మనిషి. మెడలో పతకం వేసుకుని, మెట్ల మీద కూర్చున్న పక్కింటి పిల్లలకు దాన్ని చూపిస్తూ లోపలికి పోయింది. వర్తూరులో మా ఇంటి నుంచి కాటన్‌పేట దాకా బస్సులో కూర్చుని నేను ఏడవలేదు. మామ పొరపాటు పడ్డాడేమో, స్పృహ తప్పితే పోయిందనుకున్నాడేమో అని ఆలోచిస్తూ వచ్చాను. వీధి చివర నుంచే వాళ్ళ గుమ్మం ముందు చెప్పుల కుప్ప కనబడింది. అప్పటికీ నమ్మలేదు.

అత్త గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. రాస్తే అయినా నాకు నమ్మకం కలుగుతుందేమో.

ఆమె మా నాన్నకు ఆఖరి చెల్లెలు. మామకు నగర్తపేటలో దారాలు, గుండీలు, లేసులు అమ్మే అంగడి ఉంది. పెళ్ళయిన నాటి నుంచీ మధ్యాహ్నాలు అత్త కూడా అంగట్లో కూర్చునేది. కన్నడం వాళ్ళతో కన్నడం, తమిళం వాళ్ళతో తమిళం, మా బోటి వాళ్ళతో మా తెలుగు. దర్జీ తెచ్చిన గుడ్డముక్క వైపు ఒకసారి చూసి వెనక్కి తిరిగి సరైన రంగు దారం తీసేది. ఆ రోజుల్లో అత్త లావుగా, నిదానంగా ఉండేది. రెండు మెట్లెక్కితే "అప్పా" అని నిలబడేది.

తొంభైల్లో మా జేజికి, అంటే నాన్నవాళ్ళ అమ్మకు, పక్షవాతం వచ్చింది. మంచి ఆసుపత్రులున్నాయని హిందూపురం నుంచి బెంగుళూరుకు తెచ్చి, అత్త తన ఇంట్లోనే పెట్టుకుంది. ఏళ్ళ తరబడి జేజిని ఎత్తి కూర్చోబెట్టింది, ఎత్తి పడుకోబెట్టింది, నోట్లో ముద్ద పెట్టింది. నేను కాలేజీ సెలవుల్లో పోయినప్పుడు చూసేదాన్ని. జేజి మాట పడిపోయింది గానీ కళ్ళు మాత్రం బాగా పనిచేసేవి. గుడ్డ మార్చేటప్పుడు గోడ వైపు చూసేది. ఆ చూపు అత్తను వదల్లేదు.

జేజి పోయిన కొన్నాళ్ళకు అత్తకు తల తిరిగి పడింది. డాక్టరు చూసి బీపీ కొంచెం ఎక్కువ ఉంది, రోజూ నడవండి, ఉప్పు కొంచెం తగ్గించండి అన్నాడు. కొంచెం అనే మాట మా అత్త చెవికి ఏనాడూ ఎక్కలేదు. నడవమంటే పరిగెత్తింది. తగ్గించమంటే మానేసింది.

మొదటిసారి లాల్‌బాగ్‌లో పరిగెత్తినప్పుడు నేనూ ఉన్నాను. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మామ కాన్వాసు బూట్లు వేసుకుని వచ్చింది. బూట్ల ముందు భాగంలో గుడ్డ కుక్కింది. తోటలో ఉన్న కొండరాయి దాకా నడుద్దామన్న మనిషి సగం దారిలో చెప్పాపెట్టకుండా పరుగు అందుకుంది. నేను వెనకాల "అత్తా, మెల్లగా" అని అరుస్తున్నాను. ఒక చెట్టు దగ్గర ఆగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎర్రబడిన మొహంతో నవ్వింది.

"నన్ను ఎవురూ ఎత్తి పడుకోబెట్టకూడదు పాపా. అంతే. నాకింకేం వద్దు."

ఆ తర్వాత ఆమెను ఆపినవాళ్ళు లేరు. పంజాబీ డ్రెస్సు కుట్టించుకుంది. కాటన్‌పేటలో ఆ వయసు ఆడవాళ్ళెవరూ పొద్దున్నే అలా బయటికి వచ్చేవాళ్ళు కాదు. పూలమ్మే ఆమె "ఎక్కడికక్కా ఇంత అర్జెంటుగా?" అంటే, "ముసలితనం తరుముకొస్తాంది, దానికి దొరక్కుండా పోతాండా" అని చెప్పి పోయేది.

లాల్‌బాగ్‌లో ఒక బ్యాచ్ ఏర్పడింది. రిటైరైన బ్యాంకు సార్ ఒకాయన దానికి పెద్ద. ఆదివారం పరుగయ్యాక అందరూ గేటు బయట దర్శిని హోటల్లో నిలబడి టిఫిను తినేవాళ్ళు. అక్కడ జరిగే చర్చలు వింటే నాకు నవ్వొచ్చేది. ఒకాయన అన్నం మానేసి పుల్కాలు మొదలుపెట్టానని చెబుతూ వడ సాంబారులో ముంచేవాడు. ఇంకొకాయన నెలరోజులు పళ్ళ మీదే బతికానని చెప్పి రెండో మసాలా దోసె తెప్పించుకునేవాడు. వచ్చే నెలలో పరుగుందని తెలిస్తే, సాధన ఉన్నా లేకపోయినా పేరిచ్చేసేవాళ్ళు. మోకాలు వాచినా పోయేవాళ్ళు. వాచిందని చెప్పుకోవడంలో కూడా కొంచెం గొప్ప ఉండేది.

అత్త మాత్రం వేడినీళ్ళ గ్లాసు పట్టుకుని వాళ్ళందరినీ చూసి నవ్వేది. "వీళ్ళు పరిగెత్తేది ఈ దోసెల కోసరం పాపా" అనేది నా చెవిలో. వాళ్ళు మాటలతో మానేసినవన్నీ ఆమె నిజంగా మానేసేది. మొదట చక్కెర, తర్వాత నూనె, తర్వాత రాత్రి భోజనం. ఉప్పు సరేసరి. "ఆకలి చుట్టం లాంటిది. కాసేపు పలకరించి పంపేయాల. కూచోబెడితే పోదు" అని అంగడికి వచ్చిన వాళ్ళకు కూడా చెప్పేది. ఇంట్లో మామకు వేరుగా, తనకు వేరుగా వండుకునేది. ఒకసారి ఆమె పప్పు నోట్లో పెట్టుకుని నేను మింగలేకపోయాను. "నాలుకకు అలవాటు, అంతే. ఉప్పు పట్టుచీర మాదిరి. పండగకు చాలు" అంది. పండగకు కూడా వేసుకోలేదని తర్వాత మామ చెప్పాడు.

మామ గొణిగేవాడు గానీ గట్టిగా ఏమీ అనలేదు. అనడానికి ఏముంది? మెట్లెక్కలేని మనిషి వీధి చివరి దాకా పరిగెత్తుతోంది. బీపీ దిగింది. మొహంలో వెలుగొచ్చింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు చుట్టూ చేరి ఏం తింటావు, ఏం మానేశావు అని అడిగేవాళ్ళు. మేమందరం ఆమెను చూసి సంతోషపడ్డాం. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ కాలం బతికేది అత్తే అని నాన్న ఎన్నోసార్లు అన్నాడు.

బ్యాంకు సార్ ఏదో పత్రికలో చదివి, దాహం వేశాక నీళ్ళు తాగడం తప్పు, వేయకముందే తాగాలి అని బ్యాచ్‌లో అందరికీ చెప్పాడు. మిగతావాళ్ళు తలూపి ఊరుకున్నారు. అత్త ఆ మాటను పట్టేసుకుంది.

ఆ ఆదివారం ఊళ్ళో పెద్ద పరుగు. ఇరవై ఒక్క కిలోమీటర్లు ఆమెకు అదే మొదటిసారి. శుక్రవారం నుంచి ఆమెకు కడుపు బాగాలేదట. బేదులు. ఎవరికీ చెప్పలేదు. చెబితే వద్దంటామని. శనివారం పొద్దంతా గంజినీళ్ళు తాగి పడుకుందట, అందులోనూ ఉప్పు లేకుండా. ఈ సంగతి మామకు ఆమె పోయిన తర్వాత పనిమనిషి చెప్పింది.

నేను పరుగు ముగిసే చోట నిలబడి ఉన్నాను. ఎండెక్కింది. కుర్రవాళ్ళందరూ వచ్చి, పతకాలు తీసుకుని, ఇళ్ళకు కూడా వెళ్ళిపోయారు. చాలా ఆలస్యంగా అత్త కనబడింది. నడకా కాదు, పరుగూ కాదు. కానీ ఆగలేదు. గీత దాటి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. ఒళ్ళు తడిసి ముద్దయింది.

"ప్రతి నీళ్ళ బల్ల కాడా ఆగినాను పాపా. ఒక్కటీ విడవలేదు. రెండు గ్లాసులు, మూడు గ్లాసులు. బ్యాంకు సార్ చెప్పినట్లే."

నేను అరటిపండు ఇచ్చాను. "చక్కెరంతా దాంట్లోనే ఉండాది" అని పక్కన పెట్టేసింది. అక్కడ మజ్జిగ పంచుతున్నారు. ఒక గ్లాసు తెచ్చాను. మూతి దగ్గర పెట్టుకుని, "ఉప్పేసినారు" అని తిరిగి ఇచ్చేసింది. ఇంకో సీసా నీళ్ళు తాగింది. ఆటోలో కూర్చున్నాక చేతులు చాపి చూపించింది. వేళ్ళు ఉబ్బాయి. ఉంగరం తిరగడం లేదు. "చూడు, కొత్త పెండ్లికూతురి చేతుల మాదిరి ఉండాయి" అని నవ్వింది. నేనూ నవ్వాను. కొంచెం తలనొప్పిగా ఉందంది. అంత ఎండలో ఎవరికైనా తలనొప్పి వస్తుంది.

ఆ తర్వాతివి మామ చెప్పినవి. ఇంటికి పోయి పడుకుంది. లేచి వాంతి చేసుకుంది. ఎండదెబ్బ అనుకుని మామ చెంబుతో నీళ్ళిచ్చాడు. తాగింది. మళ్ళీ వాంతి. మళ్ళీ నీళ్ళు. ఏ ఇంట్లో అయినా అదే చేస్తారు. సాయంత్రానికి మాట తడబడింది. మామను చూసి "నాయనా, అమ్మను ఎత్తు, తడిసిపోయింది" అంది. మామ భయపడి ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారిలోనే ఫిట్స్ వచ్చాయి. గ్లూకోజు ఎక్కిస్తే లేచి కూర్చుంటుంది, అందరినీ కంగారుపెట్టడం దేనికని ఆయన ఎవరికీ ఫోన్ చేయలేదు.

తెల్లవారుజామున డాక్టరు బయటికి వచ్చి, రక్తంలో ఉప్పు బాగా పడిపోయిందని, నీరు చేరి మెదడు వాచిందని చెప్పిందట. మామకు అర్థం కాలేదు.

"ఆయమ్మ ఏమీ తినరానిది తినలేదు డాక్టరమ్మా. నీళ్ళే కదా తాగింది" అన్నాడట.

"అవునండీ, నీళ్ళే" అందట డాక్టరు.

ఈ మాట మామ నాకు చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నా మొహంలోకి చూసేవాడు, నాకైనా అర్థమైందేమోనని. విషం తాగి పోయినవాళ్ళను విన్నాం. ఎండకు పోయినవాళ్ళను, గుండె ఆగి పోయినవాళ్ళను విన్నాం. నీళ్ళు తాగి పోతారని మా వంశంలో ఎవరూ వినలేదు. వచ్చిన చుట్టాలకు ఏమని చెప్పాలో తెలియక, నాన్న చివరికి "గుండెపోటు" అని చెప్పడం మొదలుపెట్టాడు. అయ్యో అని ఊరుకునేవాళ్ళు. ఆ మాట చెబితే రెండో ప్రశ్న రాదు.

బ్యాంకు సార్ వచ్చాడు. గుమ్మం లోపలికి రాకుండా నిలబడ్డాడు. మామ లేచి పోయి ఆయన చేయి పట్టుకున్నాడు. "నేనే చెప్పినాను సార్, తాగమని నేనే చెప్పినాను" అని ఆయన పిల్లవాడిలా ఏడ్చాడు. మామ ఆయన్ను తీసుకొచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. "అందరికీ చెప్పినారు కదా సార్. ఈమె ఒక్కతే విన్నది" అన్నాడు. నింద కాదు అది. ఓదార్పూ కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

నాకు అత్త మీద కోపం వస్తుంది. అంతలోనే, కాన్వాసు బూట్లలో గుడ్డ కుక్కుకుని ఆమె లాల్‌బాగ్‌లో పరుగందుకున్న పొద్దు గుర్తొస్తుంది. ఆమె వల్లే నేను ఉదయాలు చూశాను. ఆమె వల్లే ఒంటరిగా రోడ్డు మీద పరిగెత్తడానికి సిగ్గుపడటం మానేశాను. ఎవరి చేతా ఎత్తించుకోకూడదనుకుంది. ఒక్క పూట కూడా ఎత్తించుకోలేదు. కోరింది దొరికిందని అనడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.

కర్మలన్నీ అయ్యాక, ఒక ఆదివారం లాల్‌బాగ్‌కు పోయాను. పరిగెత్తాలని కాదు. ఇంట్లో ఉండలేక. బ్యాచ్ వాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఎవరూ పరుగు మొదలుపెట్టలేదు. అప్పుడు ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. నూలుచీర, కింద తెల్లటి కొత్త బూట్లు. చుట్టూ చూసి, నన్ను ఎన్నుకుని, దగ్గరికి వచ్చింది.

"ఈడ పరిగెత్తే అక్క ఒకామె ఉండాది కదా. నగర్తపేటలో దారాల అంగడి. నేను బట్టలు కుడతాను. దారం కొనేకి పోతే చెప్పింది, ఆదివారం లాల్‌బాగ్‌కు రా, నేనుంటాను అని. ఊరికి పోయుంటి, అందుకే ఇన్ని రోజులు రాలేకపోతి."

ఏమైనా తిన్నావా అని అడిగాను.

"లేదక్కా. రాత్రి నుంచి ఏమీ తినలేదు. ఖాళీ కడుపుతోనే రావాలని ఆయమ్మ చెప్పినారు."

బ్యాంకు సార్ ముందుకు వచ్చి, "రామ్మా, ముందు టిఫిను తిందాం" అన్నాడు. అందరం దర్శినిలోకి పోయాం. ఆయనే ఇడ్లీ వడ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చట్నీ మళ్ళీ అడిగి వేయించాడు. చెప్పాల్సింది ఎవరు చెప్పాలా అని ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటున్నాం. ఆమె పళ్ళేన్ని ఇంకొంచెం లోపలికి జరిపి, గేటు వైపు తిరిగి నిలబడింది.

"అక్కను రానీండి," అంది. "వచ్చినాక తింటా."