సారు ముక్కుపై కుదరని ఏకాభిప్రాయం

మా డ్రాయింగ్ సారు ఇక లేరన్న సమాచారం నాకు కదిరి బస్టాండులో ఫోను ద్వారా అందింది. మధ్యాహ్నం కునుకు తీసినవారు మళ్లీ లేవలేదట. ఆదివారం క్లాసు ఉండదని చెప్పాలన్నా శుక్రవారమే మనిషిని పంపే ఆయన, ఈ విషయంలో మాత్రం ఎవరికీ ముందస్తు నోటీసు ఇవ్వలేదు.

అనంతపురంలో మూతపడిన ఒక వేరుశనగ మిల్లు మేడమీద, ఆదివారాలు ఆయన లైఫ్ డ్రాయింగ్ నేర్పేవారు. అంటే, బతికున్న మనిషిని కూర్చోబెట్టి చూసి గీయడం. అది బట్టల్లేని బొమ్మల వ్యవహారమని ఫిర్యాదు అందగా, పేటలోని పెద్దమనుషులు కొందరు తనిఖీకి వచ్చారు. ఎండాకాలంలోనూ కంబళి విడవని ఒక ముసలాయన, అదీ వీపు తిప్పి కూర్చొని కనిపించాడు. అభియోగం వీగిపోయింది. వచ్చినవారి నిరాశ మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

ఆ ముసలాయన కరువుకు గొర్రెలమ్ముకొని కుందుర్పి వైపు నుంచి వచ్చి, మిల్లుకు కాపలా చేరినవాడు. మేము తాత అనేవాళ్లం. మొదటిరోజు లైఫ్ డ్రాయింగ్ అన్న మాట చెవిన పడగానే తాత లేచి నిలబడ్డాడు.

"లైఫు డ్రా చేస్తారా? బ్యాంకులో దుడ్లు డ్రా చేసినట్లా?"

"అది కాదప్పా పెద్దాయనా, ఊరికే బొమ్మ..." అన్నారు సారు.

"నాకుండేదే రోంత లైఫు. అదీ మీరు డ్రా చేసుకుంటే నాకేం మిగుల్తాది? మొగం మాత్రం ఇయ్యను. వీపు కావల్లంటే గీసుకోండి."

సారు తన పాత పుస్తకం తెచ్చి తెరిచారు. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ చిత్రకారుల పుస్తకం అది. ముందు పేజీలు చెదలు తినడంతో అందులో ఒక్కరి పేరూ మిగల్లేదు. అందరినీ కలిపి ఆయన "జర్మనోళ్లు" అనేవారు, పక్క వీధివాళ్లను అన్నట్టు. ఆ బొమ్మల్లో మనుషులు మనకు వీపు చూపి, కిటికీల దగ్గరా కొండల మీదా నిలబడి, మంచులోకి చూస్తూ ఉంటారు.

"చూడండప్పా, జర్మనోళ్లే వీపు గీసినారు. మొగం అబద్ధం చెప్తాది. వీపుకు ఆ తెలివి లేదు."

ఆ విధంగా తాత షరతుకు జర్మనీ ఆమోదం లభించింది. అదే మా పాఠ్యప్రణాళికగా స్థిరపడింది.

పెన్సిలును బ్లేడుతో సూదిలా చెక్కించేవారు. గీత సన్నగా, ఒక్కసారికే పడాలి. రబ్బరు నిషిద్ధం. "నువ్వు చెరిపినా కాగితం మర్చిపోదు" అనేవారు. కిటికీ అవతల వాన ఎరుగని బీళ్లు కనిపించేవి. వాటిని చూపి, "ఆడ మంచు, ఈడ దుమ్ము. దూరం మాత్రం ఒకటే" అనేవారు. ఆయన నిలబడే చోటు ఎప్పుడూ మా వెనకే. వక్కపొడి వాసన భుజం దాకా వచ్చి ఆగితే గీత తప్పిందని అర్థం. బొమ్మ బాగుంటే ఏమీ అనకుండా పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయేవారు. ఆ మౌనం కోసం నేను ఏళ్ల తరబడి గీశాను. ఈ వాక్యంలో వ్యంగ్యం లేదు.

దివసానికి, అంటే పెద్దకర్మకు, పటం కావాలన్నారు సారు భార్య. పుస్తకం తిన్న చెదలే పెళ్లి ఫొటోనూ తినేశాయి. ఆధార్ ఫొటోను ఫ్లెక్సీ షాపులో పెద్దది చేయించి తీసుకుపోయాను.

"ఎవురప్పా ఈయప్ప? ఎర్రచందనం కేసులో దొరికినోని మాదిరుండాడు. తీసేయ్" అన్నారామె. తర్వాత గొంతు తగ్గింది. "ఇన్నేండ్లు బొమ్మలు గీస్తిరి కదప్పా. ఆయప్ప మొగం ఒకటి గీసిచ్చేకి చేతగాదా మీకు? పూలదండ యాడ ఎయ్యల్ల నేను?"

"గీస్తామమ్మా" అన్నాను.

శిష్యులం మిల్లు మేడమీద సమావేశమయ్యాం. మెడ వెనక పుట్టుమచ్చ, కాలరు అరుగుదల, కుడి భుజం ఒంపు వెంటనే ఆమోదం పొందాయి. చెవులపై స్వల్ప అభ్యంతరాలు వచ్చాయి. ముక్కుపై ఏకాభిప్రాయం కుదరలేదు. కళ్ల అంశం చర్చకే రాలేదు. ఆయన ముఖం మాకు తెలియక కాదు. కళ్లు మూసుకుంటే ఎదురుగా ఉంటుంది, కాగితం మీద పెన్సిలు ఆనగానే పోతుంది. మా చేతులకు ఆయన నేర్పినవి వీపులే. నేను గీసిన సారు అచ్చం మా మేనమామలా వచ్చారు. రబ్బరు వాడాను. కాగితం మర్చిపోలేదు.

ఇక మిగిలింది ఒకే బొమ్మ. తాత ఊరెళ్లిన ఒక ఆదివారం, ఆయనకు బదులు సారే కిటికీ దగ్గర కూర్చుంటే నేను గీసింది. ఇటు తిరగమని అప్పుడు బతిమాలాను. "జర్మనోళ్లు తిరిగినారా?" అని కదలకుండా కూర్చున్నారు.

దాన్నే ప్లైవుడ్డుకు అంటించి, దివసం నాడు నడింట్లో కుర్చీ మీద నిలబెట్టాం. సారు భార్య దండతో దగ్గరికొచ్చారు.

"పిలిస్తే ఏనాడు తిరిగినాడులే ఈయప్ప" అని, దండ వేశారు. పుట్టుమచ్చ పూల కింద పడిపోయింది.

తాత కంబళితోనే వచ్చి బొమ్మ ముందు నిలబడ్డాడు.

"ఎవురూ డ్రా చేయకనే అయిపోయినాదే సారూ నీ లైఫు" అన్నాడు.

తర్వాత మెల్లగా కుర్చీని చుట్టుకొని అవతలి వైపుకు వెళ్లాడు. అక్కడ ఉన్నది వట్టి ప్లైవుడ్డు, రెండు మేకులు, వేలాడే దారం. తాత తలగుడ్డ తీసి చంకన పెట్టుకొని, ఆ చెక్కకు ఎదురుగా, మాట్లాడే మనిషి ముందు నిలబడ్డట్టు నిలబడి, దండం పెట్టాడు.