గంజి పెట్టిన తూటాలు

పందొమ్మిది వందల నలభై తొమ్మిది వానాకాలం సగంలో నెక్కొండ స్టేషన్‌లో దిగాం. ఆరుగురు సిపాయిలం. స్టేషన్‌కు మైలు దూరంలో రైలు కల్వర్టు, పక్కన ఇసుక బస్తాల బంకరు, ఎదురుగా జొన్నచేను. కమ్యూనిస్టు దళాలవాళ్లు తెంపకుండా పట్టాలనూ టెలిఫోన్ తీగనూ కాపలా కాయాలని ఉత్తర్వు. మా ఇల్లు హనుమకొండలో, ఒక పూట ప్రయాణం. సెలవు మాత్రం లేదు.

హవల్దారు ఒకరోజు, జప్తు చేసిన ఆయుధాల్లోంచి ఒక వేట తుపాకీ తెచ్చి నా ముందు పెట్టాడు. ముందు చెక్కను వెనక్కి లాగి తోస్తే తూటా మారే పంపు తుపాకీ. అలాంటిది నేను చూడటం అదే మొదలు. అడవిపందుల వేటకూ, రాత్రి కాపలాకూ రెండింటికీ పనికొచ్చేలా చేయమన్నాడు. మగ్గం ఇంటివాడి చేతులు కనుక నాకిస్తున్నానన్నాడు.

తుపాకీ మడమ చెక్క కోసి నా భుజానికి సరిపెట్టాను. చెమటకు జారకుండా ముందు చెక్కకు నూలు చుట్టాను. భుజానికి తగిలించుకునే పట్టీ నవారుతో కుట్టాను. మసకలో గురి కనిపించాలని గొట్టం కొసన సున్నం చుక్క పెట్టాను. తూటాల తొడుగులు అట్టతో చేసినవి, తేమకు మెత్తబడుతున్నాయి. మా ఇంట్లో మగ్గానికెక్కే పడుగుకు గంజి పెడితే నూలు బిరుసెక్కుతుంది. తూటాలకూ అలాగే పెట్టి ఆరబెట్టాను. ఆ వారం ఎండ కాసింది. కాల్చి చూస్తే చక్కగా నడిచాయి.

మాలో టెలిఫోన్ చూసే సిగ్నల్ జవానుది జనగామ. స్టేషన్ నుంచి రోజూ బంకరుకు ఫోన్ చేసేవాడు.

“ఏమోయ్, తుపాకికి చీర కట్టుడు అయిందా?”

“అయింది. పెండ్లికి నిన్నే పిలుస్త.”

ఆ రోజుల్లోనే, ఆగమంటే వెంటనే ఆగలేదని, పట్టాలు చూసే ముసలి గ్యాంగ్‌మన్‌ను అతని మనుషుల ముందే చెంపమీద కొట్టాను. రుమాలు కింద పడింది. దులిపి తలకు చుట్టుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజులకు తీగ తెగింది. సరిచేయడానికి వెళ్లిన సిగ్నల్ జవానును జొన్నచేలోంచి ఎవరో కాల్చారు. కల్వర్టు దాకా పాకుతూ వచ్చి నా చేతుల్లో పోయాడు.

జవాను వెళ్లే దారీ వేళా దళంవాళ్లకు చెప్పింది గ్యాంగ్‌మనే అని నిశ్చయించుకున్నాను. సాక్ష్యం లేదన్నాడు హవల్దారు. నాకు సాక్ష్యం అక్కర్లేకపోయింది. చెంపదెబ్బ తిన్నది నేనైతే ఏం చేసేవాణ్నో అదే అతను చేశాడనుకున్నాను. అన్నం సయించలేదు. ఆ ముఖాన్ని తలచుకుంటూ ఒక్కో తూటాకు మరో పూత గంజి పూశాను.

రోజూ ఉదయం ఐదున్నరకు గ్యాంగ్‌మన్ ఒంటరిగా కల్వర్టు దాటుతాడు. ఆ రోజు ముసురు. రైలు కట్ట కింద తుమ్మచెట్టు చాటున కూర్చున్నాను. పది గజాల దాకా రానిచ్చి చెక్క లాగి తోశాను. మూసుకోలేదు. గంజి వానకు నాని బంకలా మారింది. తూటా గొట్టంలోకి పోక సగంలో ఇరుక్కుంది. బలంకొద్దీ తోశాను. మళ్లీ తోశాను. ఆ చప్పుడుకు అతను ఆగాడు.

“ఎవరు? సిపాయి బిడ్డా, నువ్వేనా? తుపాకి కరాబయిందా?”

కట్ట దిగి వచ్చాడు. తన గొంగడి తీసి రెండు చేతులతో నా మీద, తుపాకీ మీద పట్టాడు. తాను తడుస్తూ చేనువైపు చూస్తున్నాడు.

“జర నిమ్మళంగ చేసుకో. ఫికర్ లేదు, అటు నేను చూస్తాన్న.”

చాకుతో తూటాను పెరికాను.

“పోయిన పిల్లగాడు నాకు రోజు బీడీ ఇచ్చెటోడు,” అన్నాడు అతను, చేను మీంచి చూపు తిప్పకుండా.

ఇంకో తూటాను చొక్కాతో బాగా తుడిచి పెట్టాను. చెక్క మూసుకుంది.

“ఇగ పని చేస్తాందా?”

“చేస్తాంది.”

గొంగడి కప్పుకుని కట్ట ఎక్కి, వీపు నావైపు పెట్టి నడిచిపోయాడు. సున్నం చుక్కను ఆ వీపు మీద ఒక క్షణం నిలిపాను. తర్వాత దించాను. దించినందుకు నన్ను మెచ్చుకోకండి. గంజి అడ్డుపడకపోతే అతను ఆ గొంగడి తీసే లోపే నేను కాల్చేసి ఉండేవాణ్ని.

కాల్చిందెవరో చివరికీ తెలియలేదు. పగ ఇంకా ఉంది, పెట్టుకోవడానికి మనిషి లేడు. చెంపదెబ్బకు క్షమించమని కూడా నేను అడగలేదు.

చలికాలంలో ఇంటికి వచ్చాను. వాకిట్లో నాయిన పడుగుకు గంజి పెడుతున్నాడు. ఒక చేయి వేయమన్నాడు. ఆ వాసనకు నా చేయి లేవలేదు. ఇప్పటికీ గంజి వాసన తగిలితే ఆ గ్యాంగ్‌మనే కనిపిస్తాడు. నేను కొట్టిన చెంప మీంచి వాన కారుతుంటుంది. రెండు చేతులూ ఎత్తి, నా తుపాకీ తడవకుండా గొంగడి పట్టుకుని నిలబడి ఉంటాడు.