దాలిలో ఉడికిన ఉప్పుకండ

మొన్న మా మనవరాలు కరెంటుతో నిదానంగా ఉడికించే కుక్కరొకటి కొనుక్కొచ్చింది. పొద్దున మాంసం వేస్తే సాయంత్రానికి వెన్నలా ఉడుకుతుందట. మీ కాలంలో ఇలాంటిది లేదు కదా నానమ్మా అంది. ఉందంటే నమ్మలేదు. ఐదో తరగతితో బడి మానేసినా, మా ఊరి లైబ్రరీలో వంట పుస్తకాలన్నీ చదివినదాన్ని నేను. ఉప్పుకండ మీద గానీ, దాలి మీద గానీ వాటిలో ఒక్క పేజీ లేదు. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

ఎనభైల మొదట్లో రాజుపాలెం దగ్గరి ఆ ఇంటికి నేను కోడలిగా వెళ్లేసరికే ఉప్పుకండ చేయడంలో మా అత్తకు పేరుంది. పొట్టేలును కోసినప్పుడు మిగిలిన మాంసాన్ని సన్నగా, పొడుగ్గా చీరి, ఉప్పూ పసుపూ పట్టించి, తీగకు గుచ్చి పెరట్లోని పొయ్యి పైన కట్టేది. పగలు ఎండ, వంట వేళల్లో పొగ. తుమ్మ కట్టె, కందికంప తప్ప మరొకటి పొయ్యిలో పెట్టనిచ్చేది కాదు. పత్తి కట్టెకు మందు కొట్టి ఉంటారు, ఆ పొగ తిండికి తగలకూడదనేది. పది రోజులకు ముక్క నల్లబడి చెక్కలా అయ్యేది. దాన్ని వేయించి మామకు జొన్నన్నంలోకి వేసేది.

ఒక ఏడు మామ ఉప్పుకండ వద్దన్నాడు. పెట్టిన ప్రతిసారీ వద్దనడమే. చారన్నం తిని లేచిపోయేవాడు. "నా చెయ్యి చెడిందేమోనే" అని అత్త ఒకరోజు నాతో అంది. ఇక ఆ తీగ దించేస్తానంది.

మర్నాడు గొడ్ల చావిడి వెనక మామ కనిపించాడు. తీగ నుంచి దొంగతనంగా తెంపుకున్న ముక్కను చప్పరించి, నమలలేక కుక్కకు వేస్తున్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

"పళ్లు కదులుతున్నయ్ అమ్మాయ్. మీ అత్తకి చెప్పమాక. ముసలోడినయ్యానంటది."

గట్టి మాంసం సన్న సెగన చానాసేపు ఉంటే మెత్తబడుతుందని నేను చదివి ఉన్నాను. మా పెరట్లో పాలు కాగే దాలి ఉంది. గుంటలో పిడకలు రగిల్చి పాలకుండ పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా మరిగేవి. సెగ ఏదైనా సెగే కదా అనుకున్నాను. అత్త మిరపచేనికి వెళ్లగానే పక్కింటి పెద్దమ్మ దగ్గర చిన్న కుండ అడిగి తెచ్చి, నానబెట్టిన ఉప్పుకండ, ఉల్లిపాయలు వేసి పాలకుండ పక్కనే దించాను.

సాయంత్రానికి ముక్క వేళ్ల మధ్య విడిపోయింది. పాలకు మాత్రం నీచు వాసన పట్టింది. అత్త దాలి మూత తీసి నిలబడిపోయింది.

"పాలదాలిలో మాంసమా? ఇది ఏ పుస్తకంలో ఉందే?"

పాలు తీసుకెళ్లి కుక్క చిప్పలో పోసింది. మాంసం కుండ కూడా ఎత్తింది. ఇక దాచలేకపోయాను.

"మామకి పళ్లు కదులుతున్నయ్ అత్తా. నమల్లేకే వద్దంటన్నాడు. నీ చెయ్యి బాగానే ఉంది."

ఆమె కుండ కింద పెట్టింది. అన్నం వడ్డించి మామను పిలిచి, కోడలు ఏందో కొత్తగా వండింది తిని చూడమంది. ఆయన తిన్నాడు. మళ్లీ పెట్టించుకున్నాడు. ఉప్పెక్కువైందన్నాడు.

"ఉప్పుకండలో ఉప్పు కాక బెల్లం ఎక్కువవుద్దా?" అంది అత్త, ఇంకో రెండు ముక్కలు వేస్తూ.

తెల్లవారి గునపం తీసుకుని ప్రహరీ పక్కన తనే మరో గుంట తవ్వింది. మాంసం ఇందులో, పాలదాలి జోలికి పోవద్దని నాకు గట్టిగా చెప్పింది. అప్పటి నుంచి పొగ ఆమెది, దాలి నాది.

పేర్లు రాస్తే వాళ్లకు నచ్చదు కాబట్టి వరసలతోనే కృతజ్ఞతలు చెప్పుకుంటాను. గడువు దాటినా పుస్తకాలు అడగని లైబ్రరీ బాబాయికి. ఇచ్చిన కుండ ఇక మీదేలే అన్న పెద్దమ్మకు. తన పళ్ల సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసని చివరిదాకా అనుకున్న మామకు. ఆయనను అలాగే అనుకోనిచ్చిన మా అత్తకు.